గచ్చిబౌలి స్టేడియంలో ఒక కార్తీక సోమవారం

సెలవులొస్తే మనం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తాం చెప్పండి? గోల్కొండ, చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం. ఓపికుంటే శంషాబాద్ దాటి ముచ్చింతల్. "ఫుట్‌బాల్ స్టేడియం చూసొద్దాం పదండి" అని ఏ ఇల్లాలైనా అనగా విన్నారా? మా మైలార్‌దేవ్‌పల్లిలో ఆ మాటంటే "ఇంట్లో పనేం లేదా వదినా!" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒకప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా పేరు, ఆ వెంటనే హైదరాబాదు పేరే చెప్పేవారు. ఆ సంగతి మన పిల్లలకే తెలియదు, ఇక మనకేం తెలుస్తుంది!

ముందు బషీర్‌బాగ్ దగ్గరున్న లాల్‌బహదూర్ స్టేడియం గురించి చెప్పాలి. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. ఫతే అంటే గెలుపు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఆయన సైన్యం అక్కడే గుడారాలు వేసిందట. కోట పట్టుబడ్డాక ఆ పేరు వచ్చిందంటారు. నిజాం కాలంలో అక్కడ గుర్రాల మీద పోలో ఆడేవారు. 1967లో లాల్‌బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. 2008లో ఆసియా దేశాల ఛాలెంజ్ కప్పు మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. మనవాళ్ళు బాగానే ఆడారు గానీ, ఫైనల్ మాత్రం ఢిల్లీకి మార్చారు. కారణం మన వాన! ఆగస్టు నెల కదా.

ఈ ఊరి ఆటకు పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. వృత్తి బడిపంతులు. అందుకే కాబోలు, ఆటగాళ్ళకు పాఠం చెప్పినట్టే ఆట నేర్పారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది, చూసే ఉంటారు.

ఆయన శిష్యుల్లో తులసీదాస్ బలరాం గారిది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. బీద కుటుంబం. అంత దూరం నుంచి ఆట నేర్చుకోవడానికి రావాలంటే సైకిలు అద్దెకు డబ్బులుండేవి కావు. రహీమ్ గారే ఇచ్చేవారట. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు. 2023లో పోయారు. ఆ రోజుల్లో వాళ్ళమ్మ ఏమనుకునేదో అని నాకొక ఆలోచన. కొడుకు పుస్తకం పక్కనపెట్టి బంతి వెంట పరిగెడుతుంటే మనమైతే ఊరుకుంటామా?

ఇక అసలు చోటు, గచ్చిబౌలి. ట్రిపుల్ ఐటీ దగ్గరున్న ఈ పెద్ద స్టేడియాన్ని 2002 డిసెంబరులో మన దగ్గర జరిగిన జాతీయ క్రీడల కోసం కట్టారు. ఆ ఏడాది మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్, కోనసీమ బిడ్డ బాలయోగి గారి పేరు పెట్టారు. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలూ మన ఊళ్ళోనే జరిగాయి. 2020లో కరోనా రోజుల్లో ఈ ఆవరణలోని క్రీడాకారుల భవనాన్నే ఆసుపత్రి చేశారు, గుర్తుందా? టిమ్స్ అని రోజూ టీవీలో చెప్పేవారు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని మనకొక జట్టు వచ్చి, ఇదే తన సొంత మైదానం అంది. 2022 మార్చిలో దేశంలోని పెద్ద లీగు కప్పు గెలిచింది కూడా! విచిత్రం చూడండి, కరోనా వల్ల ఆ ఏడాది ఆటలన్నీ గోవాలోనే పెట్టారు. కప్పు మనది, చప్పట్లు మాత్రం అక్కడ. తర్వాత కష్టాల్లో పడి, 2025లో ఆ జట్టు కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. స్టేడియం ఉంది, అందులో ఆడే ఇంటి జట్టు లేదు. ఇల్లు కట్టి పాడుపెట్టినట్టుగా ఉంది నా మటుకు.

మేం వెళ్ళింది 2024 నవంబరు 18న, ఇండియాకూ మలేషియాకూ మ్యాచ్. కార్తీక సోమవారం! నేను పొద్దున్నించీ ఉపవాసం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయి ఒకటే గొడవ. అది బళ్ళో ఫుట్‌బాల్ ఆడుతుంది. మా అత్తగారికి అది బొత్తిగా ఇష్టం లేదు. "ఎండకి నల్లబడుతుంది, కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్ళెలా చేస్తావు?" అంటారు. మావారు ఏ మాటా అనరు, అదింకా కష్టం. ఆట మానిపించాలా వద్దా అన్నది తేల్చాల్సింది చివరికి నేనే అయింది. అసలు ఆ ఆటేమిటో చూస్తేగా తేల్చేది!

లోపల దీపాల వెలుగులో నక్షత్రం కనబడదని గేటు బయటే ఆకాశం చూసి దణ్ణం పెట్టుకుని, డబ్బాలోని దద్ధోజనం తిని లోపలికెళ్ళాను. మెట్లెక్కి పైకి రాగానే ఆ పచ్చదనం చూసి నిలబడిపోయానంటే నమ్మండి. టీవీలో ఆ పచ్చదనం రాదు. పరుగుపందేల కోసం మైదానం చుట్టూ ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్ళు కాస్త దూరంగా, చిన్నగా కనబడతారు. కళ్ళద్దాలున్నవాళ్ళు మరిచిపోకుండా పెట్టుకెళ్ళండి.

ఆట అర్థం కాదేమో అని భయపడకండి. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. గోలు దగ్గర కాపలా ఉన్నతను తప్ప ఆడుతున్నప్పుడు బంతిని ఎవరూ చేత్తో తాకకూడదు. నలభై అయిదు నిమిషాలు, కాసేపు విరామం, మళ్ళీ నలభై అయిదు. మన సినిమా కంటే తక్కువే! మొదట మన గోల్‌కీపర్ గురుప్రీత్ ముందుకు రావడంతో గోలు ఖాళీ అయి, మలేషియావాళ్ళు బంతి కొట్టేశారు. స్టేడియమంతా నిశ్శబ్దం. విరామానికి కాస్త ముందు, మూలనుంచి వచ్చిన బంతిని రాహుల్ భేకే తలతో కొట్టి గోల్ చేశాడు. నేను లేచి నిలబడి అరిచానని మా అమ్మాయి ఇప్పటికీ అందరికీ చెబుతుంది. చివరికి ఒకటి ఒకటితో సరిసమానం. 2024లో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు లెండి. అప్పటి మన శిక్షకుడు మనోలో మార్క్వెజ్, మన హైదరాబాద్ జట్టుకు కప్పు తెచ్చిపెట్టిన ఆ స్పెయిన్ మనిషే.

మా వెనక వరసలో ఆడపిల్లల గుంపొకటి ఉంది, అందరూ మోకాళ్ళకు దెబ్బల గుర్తులున్నవాళ్ళే. వాళ్ళ మాటల్లో సౌమ్య పేరు వినబడింది. ఎవరా అనడిగితే మా అమ్మాయి చెప్పింది. గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, భారత మహిళల జట్టులో ఆడుతుంది. 2025లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అవార్డు కూడా అందుకుంది. ఆ అవార్డు వార్త పేపర్లో రాగానే ఫోటోతో సహా మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో చూసి, "జడ బాగానే వేసుకుందే" అన్నారు. ఇప్పటికి అంతే. మా అమ్మాయి మాత్రం ఆట మానలేదు. పొద్దున్నే దానితోపాటు గ్రౌండుకెళ్ళి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంటున్నాను.

మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఆరాంఘర్, అత్తాపూర్ మీదుగా మెహదీపట్నం వెళ్ళి, అక్కడ గచ్చిబౌలి బస్సెక్కవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు కదా, ఆధార్ కార్డు మరిచిపోకండి. మెట్రో అయితే రాయదుర్గంలో దిగి ఆటో చేసుకోవాలి. రాత్రి మ్యాచ్ తొమ్మిదిన్నర దాకా సాగుతుంది, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడి పెట్టుకోండి. మాకు మా మరిది కారు తెచ్చాడు, ఔటర్ రింగురోడ్డు మీద తొందరగానే ఇల్లు చేరాం. టిఫిను, నీళ్ళసీసా లోపలికి రానివ్వకపోవచ్చు, కాబట్టి బయటే కానిచ్చేయండి. పెద్ద చేతిసంచీ వద్దు. నవంబరు, డిసెంబరు నెలల్లో శాలువా ఒకటి భుజాన ఉంచుకోండి, పై వరసల్లో గాలి చల్లగా ఉంటుంది.

మ్యాచ్ ఎప్పుడుందో పేపర్లో ఆటల పేజీలో వేస్తారు. ఆ పేజీని పచ్చడి జాడీల కింద పరిచేముందు ఒకసారి చూడండి.