ఎడమ కాలికి పని లేని బండి

కారు కొంటున్నానని ఫోన్ చేస్తే నాన్న అడిగింది ఒక్కటే. "గేర్ల బండేనా అబ్బయ్యా?"

మా కోవూరు రైస్ మిల్లుల నుంచి బియ్యం లోడు లారీ పాతికేళ్లు తోలాడాయన. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. "క్లచ్ టక్కున వదలబాకరా" అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. అందుకే మాన్యువల్ తోలితేనే డ్రైవింగ్ అని నా నమ్మకం.

టర్బో ఇంజిన్ కావాలి, క్లచ్ ఉండాలి. ఈ రెండూ పెట్టుకుని వేరియంట్ల లిస్టులు చూస్తే తమాషా కనిపించింది. మన పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్ 2023 జులైలో కొత్త రూపంలో వచ్చింది. 160 పీఎస్ టర్బో పెట్రోల్ ఉంది. కానీ స్పోర్టీగా కనిపించే జీటీ లైన్‌లో ఆటోమేటిక్ మాత్రమే. 2019లో అదే జీటీ లైన్‌లో క్లచ్ ఉండేది! మరుసటి ఏడాది మార్చిలో హ్యుందాయ్ క్రెటా ఎన్ లైన్ వచ్చింది. ఇంజిన్ అదే. మామూలు క్రెటాలో ఈ టర్బోకి ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చి, మాన్యువల్‌ని ఎన్ లైన్‌కి దాచారు. రెండు కంపెనీలదీ ఒకే గ్రూపు. ఒకరికి స్పోర్టీ అంటే క్లచ్ తీసేయడం, ఇంకొకరికి క్లచ్ ఇవ్వడం.

పోర్షె కూడా ఇంతే. 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా మాత్రమే తెచ్చింది. అభిమానులు గోల పెట్టారు. 2017లో మాన్యువల్ తిరిగొచ్చింది. వంద స్పీడు అందుకోవడానికి ఆటోమేటిక్‌కి 3.4 సెకన్లు, మాన్యువల్‌కి 3.9. అర సెకను వెనకబడినా జనం అదే కావాలన్నారు. ఒకప్పుడు మాన్యువల్ అంటే చవక బండి, ఇప్పుడది సరదాగా అమ్ముడుపోతోంది.

నేనూ ఆ సరదాకే పడిపోయా. పైగా లాంచ్ నాటి ధరల్లో ఎన్8 మాన్యువల్ 16.82 లక్షలు, ఆటోమేటిక్ 18.32. లక్షన్నర మిగులు!

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫ్రెండ్ మాన్యువల్ కారు తీసుకుని నాన్నతో నెల్లూరు బయల్దేరా. స్టీరింగ్ ఆయనకే ఇచ్చా. పెన్నా బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగిపోయింది. క్లచ్ తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. పదో సారికి ఆయన ఎడమ మోకాలు వణకడం చూశా. ఆయనేమీ అనలేదు. బ్రిడ్జి దాటాక బండి పక్కకి ఆపి, "నువ్వు తోలు" అన్నాడు. నాన్న నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆ వారమే ఆటోమేటిక్ బుక్ చేశా.

బండి ఇంటికొచ్చిన రోజు నాన్న కూర్చోగానే అలవాటుగా ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. వెడల్పాటి బ్రేకు మీద పడింది. ఇద్దరం ముందుకు తూలాం.

"ఎడమ కాలు కదపబాక నాన్నా" అన్నా.

ఆయన నవ్వి, కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ సాయంత్రం నెల్లూరు దాకా ఆయనే తోలాడు. తిరుగు దారిలో కూడా నాకు స్టీరింగ్ ఇవ్వలేదు.