ఆరున్నర అడుగుల మనిషికీ భయమే

మా ఇంట్లో ఫుట్‌బాల్ గోల అంతా మా వారిదీ, మా చిన్నవాడిదీ. శని, ఆదివారాలు రాత్రయితే చాలు, టీవీ వాళ్లదే. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకిప్పటికీ సరిగ్గా తెలియదండీ. కానీ వాళ్ల పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ చూసీ చూసీ ఒక సంగతి మాత్రం అర్థమైంది. గోల్ కొట్టినవాడి మీద జట్టంతా పడి కౌగిలించుకుంటారు. గోల్ పడకుండా ఆపినవాడిని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అదే తొంభై నిమిషాలూ బాగా ఆడి ఒక్కసారి కాలు జారాడనుకోండి, మర్నాడు అందరి నోటా అతని పేరే. రోజూ వంట కుదిరితే ఎవరూ ఏమీ అనరు, ఒక్కరోజు ఉప్పు ఎక్కువైతే ఇంటిల్లిపాదీ చెప్తారు కదా, అలాగన్నమాట.

మా చిన్నవాడు ఆడేదీ అక్కడే, డిఫెండర్‌గా. తొమ్మిదో తరగతి. పొడుగ్గా ఉంటాడని కోచ్ గారు వాణ్ణి వెనక నిలబెట్టారు. ఈ ఏడాది నుంచి మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే వాడికి కడుపులో తిప్పడం మొదలైంది. ఇడ్లీ ముట్టడు, మంచినీళ్లు కూడా నిలవవు. డాక్టర్ గారు చూసి, కడుపులో ఏ దోషమూ లేదు, అది కంగారు అన్నారు. అది విన్న మా బంధువు ఒకాయన, "ఆడపిల్లలా ఆ భయం ఏమిట్రా" అని నవ్వాడు. వాడు తల దించుకున్నాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. భయపడితే ఆడపిల్లట! ఇంట్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు నిలబడేది ఎవరో ఆయనకి తెలియదు కాబోలు.

ఆ రాత్రి మా వారు నాకు పెర్ మెర్టెసాకర్ అనే జర్మన్ ఆటగాడి సంగతి చెప్పారు. తర్వాత నేనే కూర్చుని ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

ఆయనది హనోవర్ అనే ఊరు. 1984లో పుట్టారు. ఎత్తు 198 సెంటీమీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. సొంత ఊరి జట్టులో మొదలుపెట్టి, 2006లో వెర్డర్ బ్రెమెన్‌కి, 2011లో లండన్‌లోని ఆర్సెనల్‌కి వెళ్లారు. జర్మనీ తరఫున 104 మ్యాచ్‌లు ఆడారు. 2014లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఆయన భార్య ఉల్రికే కూడా జర్మనీకి హ్యాండ్‌బాల్ ఆడినావిడే. పరుగులో పెద్ద వేగం లేకపోయినా, బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడ గోడలా నిలబడేవారట. చూసేవాళ్లకి ఆయన నిబ్బరమే కనిపించేది.

ఆ నిబ్బరం వెనక ఏం జరిగేదో 2018 మార్చిలో, ఆట మానేయడానికి రెండు నెలల ముందు, ఒక జర్మన్ పత్రికకి ఆయనే చెప్పారు. మ్యాచ్ రోజు పొద్దున్నుంచీ విరేచనాలు. ఆట మొదలయ్యే క్షణంలో వాంతి వచ్చేలా కడుపులో తిప్పు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దాన్ని గుటకలేసి మింగేవారట, కెమెరాలకి దొరకకుండా తల పక్కకి తిప్పుకుని. ఒకటీ రెండూ కాదు, అయిదు వందలకి పైగా మ్యాచ్‌లు! చివరి రోజుల్లోనైతే బెంచీ మీద కూర్చోవడమే హాయి, అసలు ప్రేక్షకుల్లో కూర్చుంటే ఇంకా హాయి అనిపించేదట. దెబ్బ తగిలితే ఊరట కలిగేదట, దెబ్బ తగిలినప్పుడే కదా ఎవరూ తప్పు పట్టకుండా విశ్రాంతి దొరికేది!

2006లో ప్రపంచ కప్ వాళ్ల దేశంలోనే జరిగింది. సెమీఫైనల్‌లో ఇటలీ చేతిలో ఓడిపోయినప్పుడు దేశమంతా ఏడ్చింది. అప్పటికి ఆయనకి ఇరవై ఒక్కేళ్లు. ఓడినందుకు బాధ ఉన్నా, ఇక అయిపోయింది కదా అన్న ఊరటే ఎక్కువగా అనిపించిందని చెప్పుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు ఆయన ఆటగాడిలా కాదు, పరీక్ష పేపర్ ఇచ్చేసి బయటికొచ్చిన పిల్లాడిలా కనిపించారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. హనోవర్‌లో ఆయనతో కలిసి ఆడిన గోల్‌కీపర్ రాబర్ట్ ఎంకే ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో బాధపడుతూ దాన్ని బయటికి చెప్పలేక 2009 నవంబరులో ప్రాణం తీసుకున్నారు. మర్నాడే ఆయన భార్య తెరెసా కెమెరాల ముందు కూర్చుని, ఇన్నాళ్లూ తామిద్దరూ దాచిన జబ్బు గురించి లోకానికి చెప్పారు. ఆ దుఃఖంలో ఆవిడకి అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ తర్వాత భర్త పేరిట మొదలైన ఫౌండేషన్‌ని ఆవిడే నడిపిస్తున్నారు. ఇప్పుడు చెప్పండి, ఆడపిల్లలా ఉండడం అంటే ఏమిటో!

మెర్టెసాకర్ చెప్పింది విని అందరూ మెచ్చుకోలేదు. అంత భయపడేవాడు రేపు పిల్లలకి ఏం నేర్పుతాడని ఒక మాజీ ఆటగాడు అడిగారు కూడా. ఎందుకంటే 2018లో ముప్ఫై మూడేళ్లకి రిటైరైన వెంటనే ఆయన చేరబోయేది ఆర్సెనల్ వాళ్ల పిల్లల అకాడమీకి పెద్దగా! మనిళ్లలో ముప్ఫై మూడేళ్లంటే అప్పుడే ఉద్యోగంలో కుదురుకునే వయసు. వాళ్లకి అక్కడితో ఒక జీవితం అయిపోతుంది. చాలామందికి ఆ తర్వాత ఏం చేయాలో తోచదట. ఈయనకి తోచింది, తను పడిన బాధ తెలిసినవాడు పిల్లల దగ్గర ఉండాలని.

కొన్నేళ్లపాటు ఆ పని చేశారు. ఆ అకాడమీలో చిన్నప్పటి నుంచీ పెరిగిన బుకాయో సాకా ఇవాళ మా చిన్నవాడి గది గోడ మీద ఉన్నాడు. కానీ నాకు నచ్చింది సాకా సంగతి కాదండీ. అక్కడ చేరే పిల్లల్లో పెద్ద జట్టుదాకా వెళ్లేది ఏ కొద్దిమందో. మిగతా పిల్లల మాటేమిటి? వాళ్లు కూడా చదువుతో, నడవడితో, బయట బతకగల ధైర్యంతో వెళ్లాలని ఆయన పట్టుబట్టేవారు. ఆటగాడికంటే ముందు మనిషిని తయారుచేయాలన్నది ఆయన మాట. తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు చూడండి, ప్రతిభ లేని ప్రపంచ విజేత అని అర్థం వచ్చేలా పెట్టుకున్నారు. ఎంత నిగర్వమో!

ఇదంతా మా చిన్నవాడికి చెప్పాను. చివరిదాకా విని, "అంత పెద్దాయనకి కూడానా అమ్మా?" అన్నాడు. అంతే. వాడి కడుపులో తిప్పడం ఆ రోజుతో మాయమైపోలేదు. మొన్న ఆదివారం కూడా ఇడ్లీ తినలేదు, మజ్జిగ తాగి వెళ్లాడు. కాకపోతే ఈసారి బాత్రూమ్ తలుపేసుకుని దాచుకోలేదు. "అమ్మా, మొదలైంది" అని వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను వీపు నిమిరాను. కాసేపటికి బూట్లు వేసుకుని వెళ్లాడు.

వేసవి నుంచి హాస్టల్ ఉన్న అకాడమీలో చేర్పించమని కోచ్ గారు అంటున్నారు. మా వారికి ఆశగానే ఉంది. నేను ఒకటే అన్నాను, వాడు 'మొదలైంది' అంటే వినే మనిషి అక్కడ ఉన్నారో లేదో ముందు కనుక్కుందాం, ఫీజు సంగతి తర్వాత అని. వచ్చే వారం ముగ్గురం వెళ్లి చూసొస్తాం. చేరడం, మానడం వాడిష్టం.

మీ పిల్లల్లోనూ పరీక్ష రోజో, పాట పోటీ రోజో, మ్యాచ్ రోజో కడుపు పట్టుకునేవాళ్లు ఉండే ఉంటారు. ఎవరైనా నవ్వితే ఈ ఆరున్నర అడుగులాయన సంగతి చెప్పండి. పిల్లలకైతే తప్పకుండా చెప్పండి.