బీచ్‌కని వెళ్లి కోర్టు ముందు ఆగాం

అట్లాంటా నుంచి పనామా సిటీ బీచ్‌కి కారులో దాదాపు ఐదు గంటలు. కొలంబస్ దాటి అలబామాలోకి అడుగు పెట్టగానే ఫోన్లో టైమ్ గంట వెనక్కి వెళ్తుంది. ఆ తర్వాత డోథన్ అనే ఊరు. చుట్టుపక్కలంతా శనక్కాయ చేలే! మాది అనంతపురం కదా, కారు ఆపించి మరీ చూశాను. నలుగురం వెళ్లాం. కూలర్ నిండా కూల్‌డ్రింకులు, డబ్బాలో పులిహోర.

హాథవే బ్రిడ్జి దాటితే బీచ్. ఇవతల పనామా సిటీ పాత ఊరు. "మిగిలిన గంట ఉందిగా, ఇక్కడ కోర్టు చూసి పోదాం" అన్నాను. ఇద్దరు నవ్వారు. నా పాత రూమ్మేట్ మాత్రం నవ్వలేదు.

ఆదివారం కాబట్టి బే కౌంటీ కోర్టు మూసే ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే చిన్న ఊరి పాత భవనం, అంతే. కానీ అమెరికాలో ఇవాళ పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయర్ దొరుకుతున్నాడంటే ఆ కథ మొదలైంది ఇక్కడే.

1961 జూన్‌లో ఈ ఊళ్లో ఒక పూల్ రూమ్‌లో దొంగతనం జరిగింది. పోయింది మెషీన్లలోని చిల్లర, కొంచెం బీరు, వైన్. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే యాభై ఏళ్లాయన్ని పట్టుకున్నారు. చదివింది ఎనిమిదో తరగతి. చిల్లర దొంగతనమే అయినా, దొంగతనానికని తలుపు పగలగొట్టి లోపలికి చొరబడటం అక్కడ ఫెలనీ. "నా దగ్గర డబ్బుల్లేవు, లాయర్ని ఇప్పించండి" అని జడ్జిని అడిగాడు. ఫ్లోరిడా చట్టం ప్రకారం మరణశిక్ష పడే కేసుల్లోనే అలా ఇస్తాం, కుదరదన్నారు. ఆయనే లేచి సాక్షుల్ని ప్రశ్నించాడు, ఆయనే జ్యూరీతో మాట్లాడాడు. ఐదేళ్లు పడింది.

జైల్లో కూర్చుని కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి పిటిషన్ రాశాడు. 1963 మార్చి 18న తొమ్మిది మంది జడ్జీలూ ఆయన వైపే తీర్పిచ్చారు. ఫెలనీ కేసులో లాయర్ని పెట్టుకోలేని వాళ్లకి రాష్ట్రమే పెట్టాలన్నారు.

నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాత జరిగింది. అదే ఆగస్టులో కేసు మళ్లీ ఇదే ఊరికొచ్చింది. అదే జడ్జి. ఈసారి పక్కన ఫ్రెడ్ టర్నర్ అనే లోకల్ లాయర్. ఆయన విచారణకి ముందు ఊరంతా తిరిగి సాక్షులతో మాట్లాడి వచ్చాడు. "నన్ను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పకు" అని గిడియన్ అన్నాడని టాక్సీ డ్రైవర్ చెప్పాడు. వింటే దొంగ మాటే! టర్నర్ ఇంకో ప్రశ్న వేశాడు: ఇంతకుముందు కూడా అలా అన్నాడా? అన్నాడట, భార్యతో గొడవల వల్ల. జ్యూరీ గంటలో నిర్దోషి అని తేల్చింది. ఆ ఇంకో ప్రశ్న వేయడం గిడియన్ వల్ల అయ్యేది కాదు. నా వల్ల కూడా కాదు.

నా వల్ల కాదని నాకు రెండేళ్ల కిందటే తెలిసింది. అప్పుడు మా రూమ్మేట్ ఎమ్మెస్ చివరి సెమిస్టర్. ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకవుట్ దగ్గర అన్నీ స్కాన్ చేశాడు, కార్ట్ కింది అరలో ఉన్న మానిటర్ తప్ప. గేటు దగ్గర ఆపారు. ఏడాదికి మించి జైలు పడే నేరాన్ని అమెరికాలో ఫెలనీ అంటారు, అంతకు తక్కువైతే మిస్‌డిమీనర్. జార్జియాలో షాపు దొంగతనం 500 డాలర్లు దాటితే ఫెలనీ కిందికి పోతుంది. మానిటర్ దాటింది.

బెయిల్ మీద వచ్చిన రాత్రి నేనిచ్చిన సలహా ఏంటో తెలుసా? "మనం చదువుకున్నోళ్లం రా, సారీ చెబితే వదిలేస్తారు." స్టోర్ మేనేజర్‌కి మెయిల్ కూడా నేనే డ్రాఫ్ట్ చేశాను. "నేను చేసింది తప్పే, క్షమించండి" అని మంచి ఇంగ్లిష్‌లో. పొద్దున చూసుకుని పంపిస్తానని వాడు పడుకున్నాడు.

పొద్దున కోర్టు ఇచ్చిన పబ్లిక్ డిఫెండర్ ఫోన్ చేసింది. ఫ్రీ లాయర్ ఏం పట్టించుకుంటుందిలే అనుకున్నాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్న వీసా ఏంటని. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే, అది క్లయింట్‌కి చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు పడిల్లా కేసులో చెప్పిందని తర్వాత చదివాను. జైలు పడకపోయినా, ఒప్పుకున్న ఆ ఒక్క మాట వీసాని తినేయొచ్చు. పైగా ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఊరికే లాయర్ని ఇవ్వదు.

మెయిల్ సంగతి చెప్తే ఆమె కాసేపు మాట్లాడలేదు. "పంపి ఉంటే నేరం మీరే రాసిచ్చినట్టు. ఎవరు అడిగినా, లాయర్ లేకుండా మాట్లాడను అని చెప్పి ఆగండి" అంది. (మన దగ్గరా లాయర్ని సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్. నేను అనంతపురంలో ఉన్నన్నాళ్లూ ఆ నంబరే వినలేదు.)

ఆమె స్టోర్ కెమెరా ఫుటేజ్ తెప్పించింది. మానిటర్ని కింది అరలో పెట్టింది స్టోర్ ఉద్యోగే. వాడు చెకవుట్ దగ్గర ఫోన్ మాట్లాడుతూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. నాలుగు నెలలకి కేసు కొట్టేశారు. నిజంగా మర్చిపోయావా అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా అడగలేదట.

కానీ వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న ఉంటుంది. కేసు పోయినా జవాబు "అవును" అనే రాయాలి. స్టాంపింగ్‌లో ఏమంటారో అన్న భయంతో వాడు ఇంకా ఇండియా వెళ్లలేదు. వాళ్ల అక్క పెళ్లి తెల్లవారుజామున వీడియో కాల్‌లో చూశాడు. తలంబ్రాల దగ్గర సిగ్నల్ పోయింది.

కోర్టు ముందు మేం ముగ్గురం ఫొటో దిగుతుంటే వాడు కారు దిగలేదు. నేను తిరిగొచ్చి డోర్ తీశాక, "అయన తర్వాత ఏమయ్యాడు?" అన్నాడు. 1972లో పోయాడని చెప్పాను.

"ఇంటికెళ్లాడా?"

"వెళ్లాడు."

వాడు పులిహోర డబ్బా తీసి నా చేతిలో పెట్టి, బ్రిడ్జి వైపు పోనిమ్మన్నాడు.