టెంకాయా, తిట్టూ

పుదుచ్చేరిలో తేంగాయితిట్టు అనే పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మన రాయలసీమ వాళ్ళ టెంకాయే అరవంలో తేంగాయి. తిట్టు అంటే వాళ్ళకు దిబ్బ. నా తెలుగు చెవికి మాత్రం కాయొకటి, తిట్టొకటి వినిపించాయి. చేపల రేవుకు ఇంతకన్నా తగిన పేరుంటుందా చెప్పండి! బోటు కదిలితే టెంకాయ, కదలకపోతే తిట్టు.

అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల పక్కన ఉంటుందా రేవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పుతీరంలో మరబోట్లకు వేట నిషేధం. వలలు బాగుచేసుకోవడం, బోట్లకు రంగులేయడం, ఇంజిన్లు విప్పడం అన్నీ ఆ రోజుల్లోనే. మా బావమరిదికి అక్కడో చిన్న బోటులో వాటా ఉంది. గడువింకా రెండు రోజులుందనగా ఫోన్ చేశాడు.

"బావా, సెల్ఫ్ పోయింది. తాళం తిప్పితే టక్ అంటోంది, అంతే. కొత్తది కొనేశా. నువ్వొచ్చి టార్చి పట్టుకో."

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు కదా. గాలిని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కేస్తే పుట్టే వేడికే నూనె అంటుకోవాలి. అందుకు ఇంజిన్‌ను ఎవరో ఒకరు జోరుగా తిప్పాలి. పూర్వం హ్యాండిల్ కొట్టేవారు. అది ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. 1912 మోడల్ కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ అమర్చాక ఆ బాధ తప్పడం మొదలైంది. మోటార్ కొసనున్న బుల్లి పళ్ళచక్రం ముందుకు దూకి, ఫ్లైవీల్ పళ్ళను పట్టి తిప్పి, ఇంజిన్ అందుకోగానే వెనక్కి తగ్గుతుంది. ఆగిన బస్సును తోసి, కదలగానే పక్కకు తప్పుకునే కుర్రాడన్నమాట.

సరే, ఒక మిస్త్రీతో కలిసి పనిలో దిగాం. మిస్త్రీ ముందు బాటరీ నెగటివ్ వైరు విప్పాడు. లేకపోతే పానా పొరపాటున ఇంజిన్‌కు తగిలిందా, దీపావళే! ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకున్నాడు. బరువు ఒక చేత్తో ఆపుతూ బోల్టులు తీశాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పళ్ళు లెక్కపెట్టాడు, తిరిగే దిశ చూశాడు, 12 వోల్టులదేనని చదివాడు. మోటార్ కూర్చునే చోటు గీకి తుడిచి, కొత్తది బిగించాడు.

తాళం తిప్పాం. టక్.

ఇక మా వాడి తిట్లు! అమ్మినవాణ్ణి, చేసినవాణ్ణి, పాత మోటార్‌ను కూడా వదల్లేదు.

మిస్త్రీ మాట్లాడకుండా వైర్ల మీద చెయ్యి పెట్టుకుంటూ పోయాడు. ఇంజిన్‌కు ఎర్తు వైరు బిగించిన చోట చురుక్కుమంది. విప్పితే లోపలంతా పచ్చటి చిలుము!

ఇంట్లో ఫ్యానుకు అర ఆంపియరైనా అక్కర్లేదు. సెల్ఫ్ వందల్లో లాగుతుంది. 300 ఆంపియర్లు పారే దారిలో ఓమ్‌లో నూరోవంతు అడ్డుపడినా మూడు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఉన్నవే పన్నెండు! మిగిలింది పళ్ళచక్రాన్ని ముందుకు తోసే సోలినాయిడ్ టక్‌మనడానికి సరిపోతుంది, ఇంజిన్‌ను తిప్పడానికి చాలదు. ఉప్పుగాలి తినేది మోటార్ కన్నా ముందు ఇలాంటి సందుల్నే. అందుకే టక్ అనగానే బాటరీ, ఆ తర్వాత వైర్ల కొసలు, ఆఖర్న మోటార్ చూడాలట. మేం తలకిందులుగా వచ్చాం.

చిలుము గీకి, బిగించి, తేమ చేరకుండా గ్రీజు రాశాడు. తాళం తిప్పగానే ఇంజిన్ గుడగుడమంది. పాత మోటార్‌ను నేల మీదే బాటరీకి తగిలిస్తే అదీ గిర్రున తిరిగింది. మా వాడు నా మొహం చూడలేదు.

బోటు బయల్దేరే రాత్రి టెంకాయ ఇంజిన్ ముందు కొట్టాడు. ఒక చెక్క తీసి నేను స్పేరుగా మూలనున్న పాత మోటార్ దగ్గర పెట్టాను. తిట్లన్నీ తిన్నది అదే కదా!