కుటుంబం పేరిట

2020 చివరలో, బడులింకా సరిగ్గా తెరవక పిల్లలందరూ ఇళ్ళలోనే ఉన్న రోజుల్లో, మా అమ్మాయి ఒక చైనా ధారావాహికను పట్టుకొని కూర్చుంది. నేను మొదట పట్టించుకోలేదు. భాష రాదు, కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చదివేలోగా దృశ్యం మారిపోతుంది. ఒకనాటి రాత్రి మంచినీళ్ళ కోసం లేచివచ్చి, నిలబడే పది నిమిషాలు చూశాను. తరువాత కూర్చున్నాను. ఆ తరువాత రోజూ కూర్చున్నాను.

దాని పేరు ఇంగ్లీషులో 'గో అహెడ్'. చైనా భాషలోని అసలు పేరుకు 'కుటుంబం పేరిట' అని అర్థం. ఆ ఏడాది ఆగస్టులో హునాన్ టెలివిజన్‌లో ప్రసారమైంది. భార్య పోయిన ఒక నూడుల్స్ కొట్టు యజమాని, ఆయన కూతురు. అదే భవనంలో ఉండే ఒక పోలీసు, ఆయన కొడుకు. చెల్లెలు చనిపోయాక ఆ పిల్లవాణ్ణి తల్లి విడిచి వెళ్ళిపోయింది. మూడోవాడిది మరీ విచిత్రం. నూడుల్స్ కొట్టాయనతో పెళ్ళి సంబంధం మాట్లాడుకొన్న ఒకామె, తన కొడుకును ఆయన దగ్గర వదిలి కనబడకుండా పోయింది. పెళ్ళీ జరగలేదు, పిల్లవాడూ పోలేదు. ఇద్దరు తండ్రులు, ముగ్గురు పిల్లలు, ఒకటే భోజనాల బల్ల.

ఆ మూడోవాడి పేరు హె జిచ్యూ. పెద్దయ్యాక ఆ పాత్రను జాంగ్ షిన్‌చెంగ్ అనే నటుడు చాలా బాగా చేశాడు. కానీ నన్ను పట్టుకొన్నది అతని నటన కాదు. చిన్నప్పటి జిచ్యూ, ఎక్కడ పంపేస్తారోనన్న బెరుకుతో ఆ ఇంట్లో మసలుకొనే తీరు. అది నేను ఇదివరకే చూశాను. మాక్లూరులో, మా ఇంట్లో.

1986లో కాబోలు, మా అవ్వకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు గానుగ ఆడే నెలల్లో పని దొరికేది ఆయనకు. తక్కిన నెలలు చేను పని. అప్పటికే మా జిల్లాలో ఇంటికొకరు దుబాయికో మస్కట్‌కో పోతున్నారు. ఆయన భార్య ఆ ముందటేడే ఇల్లు విడిచి వెళ్ళింది. ఎందుకో పిల్లలకు చెప్పలేదు.

"పది దినాలు సూస్కో అక్కా, ఈసా పని అయినంక ఇటే వస్త," అన్నాడు.

ఆ పది దినాలు తొమ్మిదేళ్ళయ్యాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు, వాడికి ఎనిమిది. వరసకు నన్ను బావా అనేవాడు. రెండోసారి అన్నం అడిగేవాడు కాదు. అవ్వ గరిటె ఎత్తితే కంచం మీద చేయి అడ్డుపెట్టి "సాలు అత్తమ్మా" అనేవాడు. తిన్న కంచం తానే కడిగేవాడు. మా అవ్వ బీడీలు చేసేది. మేము ఆటకు పరుగెత్తే వేళకు వాడు చాట ముందు కూర్చుని, చుట్టిన బీడీల కొనలు మడిచేవాడు. "సూడుర్రి, పిల్లగాడంటే గట్లుండాలె" అని మమ్మల్ని తిట్టేవారు. వాడి మంచితనం మీద నాకు ఒళ్ళుమంటగా ఉండేది. అది మంచితనం కాదనీ, కిరాయి కట్టడం వంటిదనీ ఎనిమిదేళ్ళవాడిని చూసి ఎవరికి తడుతుంది?

చైనాలో ప్రతి ఇంటికీ హుకోవు అనే నమోదు ఉంటుంది. ఎవరు ఏ ఇంటివారో అందులో ఉంటుంది. మనకు రేషన్ కార్డు. మా కార్డులో వాడి పేరు లేదు. చక్కెర తెచ్చిన రోజున బాపు పొట్లం విప్పుతూ, "నలుగురి చక్కెర ఐదుగురికి పంచుడు నా లెక్కలకు రాదు" అని హాస్యమాడేవాడు. అందరం నవ్వేవాళ్ళం. వాడు కూడా నవ్వేవాడు, ఆ రోజు చాయ్ తాగేవాడు కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు బాపు పాత సైకిలు ఒకటి కొన్నాడు. దాన్ని వాడు అడగకుండా కాలువ గట్టు దాకా తీసుకువెళ్ళి, ముందు చక్రం వంకర చేసి తెచ్చాడు. వాకిట్లో నలుగురి ఎదుట అన్నాను: "ఇది మా ఇల్లు. నీది కాదు. మీ బాపు దగ్గరికి పో."

వాడు ఏడవలేదు. అవ్వ నన్ను కొట్టింది. రాత్రి వాడు చాట ముందు నుంచి లేవలేదు.

ధారావాహిక రెండో సగం నాకు అంతగా నచ్చలేదు. ఒక కుర్రాడు తల్లి కోసం సింగపూరు, మరొకడు కన్నతండ్రి వెంట ఇంగ్లండు వెళ్ళి, తొమ్మిదేళ్ళకు తిరిగి వస్తారు. అంతవరకు అన్నాచెల్లెళ్ళలా పెరిగిన ఇద్దరు ప్రేమికులవుతారు. మా అమ్మాయికి అదే ఇష్టమైన భాగం. మేమిద్దరం దాని మీద రెండు రోజులు కొట్లాడుకొన్నాం. 2024లో కొరియావారు కూడా ఈ కథను మళ్ళీ తీశారు, దాన్ని నేను చూడలేదు. మా ఇంట్లో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. మేనరికపు వరసన మా చెల్లెకు వాడు బావ. చుట్టాలు ఆ మాట ఎత్తితే ఊరుకొనేది కాదు. రాఖీ పున్నానికి ముందు నాకు కట్టి, తరువాత వాడికి కట్టేది. "బావకు రాఖీ ఏందే పిచ్చిదానా" అని అవ్వ నవ్వేది. ఆ ఇంట్లో వాణ్ణి మొదట మావాడిని చేసినది ఆ పిల్లే. నేను కాదు.

1995లో వాళ్ళ నాయన వచ్చి తీసుకువెళ్ళాడు. కన్నవాడు, హక్కున్నవాడు. జిచ్యూ ఇంగ్లండు బయలుదేరే దృశ్యంలో మా అమ్మాయి వెక్కి ఏడుస్తుంటే, నాకు మాక్లూరు బస్సు, కిటికీలో వాడి మోచేయి కనబడ్డాయి. వాడు తరువాత తానూ గల్ఫ్‌కు పోయి వచ్చాడు, బోధన్‌లో స్థిరపడ్డాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పండుగలకు వస్తాడు. ఇప్పటికీ కంచం తానే కడుగుతాడు. మా ఆవిడ కోప్పడుతుంది.

ఆఖరి భాగం చూసిన రాత్రి వాడికి ఫోను చేశాను. పదకొండు దాటింది. అత్తమ్మకేమైనా అయిందా అని భయపడ్డాడు. ఏమీ కాలేదన్నాను. ఒక చైనా సీరియల్ చూశానన్నాను. ముప్పై ఏళ్ళ నాటి మాట ఎలా ఎత్తాలో తెలియక, "మనింట్ల నల్ల సైకిల్ ఉండె, యాదికున్నదా?" అని అడిగాను.

కాసేపు ఏమీ వినబడలేదు.

"నల్లది గాదు బావా," అన్నాడు, "పచ్చది."