కాలు చూసి పలక

మా ఊరు గోవాడ. చోడవరం పక్కనే. చెరకుకి పేరుగాని మంచుకి కాదు. పుష్యమాసంలో తోటల మీద పొగమంచు దిగితే, తలకు మఫ్లరు చుట్టుకుని "అబ్బ, ఏం చలి!" అనుకునే వాళ్ళం. అటువంటి ఊరివాణ్ణి, అరవై దాటాక, అమెరికాలో ఓ దుకాణంలో నిలబడి మంచు మీద జారే పలకకు బేరం చూశానంటే నమ్ముతారా? ఆ బేరమే నా కొంప ముంచింది.

మా అబ్బాయికి డెన్వరులో ఉద్యోగం. చలికాలం వస్తే శని ఆదివారాలు వాణ్ణి రాకీ కొండల్లో వెతుక్కోవాలి. కిందటేడు నేనూ, మా ఆవిడా అక్కడ ఉండగా, "కొత్త స్నోబోర్డు కొనాలి, నాన్నా. కార్వింగ్ నేర్చుకుంటున్నాను" అన్నాడు. అంటే పలకను ఈడ్చుకుంటూ కాకుండా, ఒక అంచు మీద వాల్చి, మంచులో సన్నని గీత కోస్తూ మలుపు తిరగడమట.

దుకాణంలో రెండు నచ్చాయి. నడుము దగ్గర ఒకటి 25 సెంటీమీటర్లు, రెండోది 27. సన్నదానికి సగం ధర తగ్గించారు. "బొటనవేలంత వెడల్పుకి అంత డబ్బా?" అన్నాను. వాడు ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

రెండు వారాలకి మణికట్టు విరగ్గొట్టుకుని, చేతికి కట్టుతో వచ్చాడు. ఒక్క మాట అనలేదు. మా ఆవిడ కూడా అనలేదు. అదే భరించలేకపోయాను.

ఎందుకు పడ్డావని రెండు రోజులు ఆగి అడిగాను. కాగితం మీద బొమ్మ గీశాడు. ప్లాస్టిక్ గట్టి బూట్లవాళ్ళు పాదాలు బాగా ముందుకు తిప్పి నిలబడతారు గనక వాళ్ళకి సన్నని పలక చాలు. మెత్తని బూట్లలో పాదం చాలావరకు అడ్డంగానే ఉంటుంది. వాడి పాదం 29 సెంటీమీటర్లు, బూటు ఇంకా పొడవు. పలక బాగా వాల్చేసరికి బూటు మొన మంచుకి తగిలి, అంచు పైకి లేచిపోయింది. అంతే!

అప్పుడు మా నాన్న బండికి కాడి చేయించిన రోజు గుర్తొచ్చింది. కర్ర ఖరీదు అడుగుతుంటే వడ్రంగి నవ్వి, "ముందు ఎడ్లేవి బాబూ? ఎడ్లని సూడకుండా కొలతెలా సెప్పేది?" అన్నాడు. చిన్నప్పుడు విన్న ఆ మాట నాకు డెన్వరులో అక్కరకు రాలేదు.

ఆ పైన ఇంట్లో కూర్చుని దానిమీదే పడ్డాను. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లల ఆటకోసం రెండు స్కీలు జతచేసి బిగించిన దానినుంచే ఈ పలకలు పుట్టాయట. 1998 నాగానోలో అది ఒలింపిక్ పోటీ కూడా అయింది. ఒక తండ్రి పిల్లల కోసం చేసినదాన్ని మరో తండ్రి పిల్లవాడికి తప్పుగా కొనిపెట్టాడు!

ఎంపిక సంగతీ తెలిసింది. అంచు గట్టిగా పట్టాలంటే పలక కావడిబద్దలా మధ్యలో కాస్త పైకి వంగి ఉండాలి. బరువు పడగానే అంచంతా మంచుని కరుస్తుంది. కొత్త మంచులో తేలడానికి తిరగవంపు పలక బాగుంటుంది గాని, గట్టి మంచు మీద పట్టు తక్కువ. మెలిపెడితే లొంగని బిగువు ఉండాలి. పక్క అంచుల వంపుకి వ్యాసార్ధం ఏడెనిమిది మీటర్లయితే మలుపు చిన్నది. పది దాటితే వేగమూ, వెడల్పైన వాలూ కావాలి. అలాగని వెడల్పు మరీ ఎక్కువైతే ఒక అంచునుంచి మరో అంచుకి మార్చడం కష్టం, మోకాళ్ళకి చాకిరీ. అన్నిటికీ మొదటి కొలత కాలే.

కట్టు విప్పాక మళ్ళీ దుకాణానికి వెళ్ళాం. "ఎంత పొడవు కావాలి?" అన్నాడు అక్కడి కుర్రాడు. "ముందు మావాడి బూటు కొలవండి, బాబూ" అన్నాను. ఈసారి ధర చీటీ వైపు చూడలేదు.

ఆ ఆదివారం కొండ కింద, రెండు స్వెటర్ల మీద కోటు తొడుక్కుని నిలబడ్డాను. పైనుంచి వాడు వాలుతూ, లేస్తూ వచ్చి నా ముందు ఆగాడు. వెనక తెల్లని వాలు మీద, నాగటిచాలు కన్నా సన్నగా, తెగకుండా ఒకే గీత.

"చలేస్తోందా, నాన్నా?" అన్నాడు.

"లేదురా" అన్నాను. నిజంగానే వెయ్యలేదు.