ధూమమా, బాష్పమా?

పర్వతంపై ధూమం కనబడితే అక్కడ అగ్ని ఉన్నదని నిశ్చయించడం న్యాయశాస్త్రంలో సుప్రసిద్ధమైన అనుమానం. అయితే బాష్పాన్ని చూచి ధూమమని భ్రమిస్తే ఆ హేతువు అసిద్ధం. అది హేత్వాభాస మాత్రమే.

విజయవాడ రహదారిపై ఒక పాత అంబాసిడర్ కారు బానెట్ నుండి తెల్లగా పొగ లేచింది. "ఇంజన్ కాలిపోయింది. పాతది కదా, ఇక తుక్కుకే" అన్నాడు కుమారుడు. యౌవనంలో ఆ కారును కొన్న తండ్రి వెనుక సీటులో మౌనంగా కూర్చుని ఉన్నారు.

వృద్ధుడైన మెకానిక్ వచ్చి చూచి, "పొగ కాదు బాబూ, ఆవిరి" అన్నాడు. ఇంజన్ చల్లారేవరకు రేడియేటర్ మూత ముట్టనివ్వలేదు. అనంతరం ఒక్కొక్క కారణాన్నే పరీక్షించాడు. ఊరిలో నిదానంగా నడిపితే తాపం లేదు, వేగంలోనే ఉన్నది. కనుక ఫ్యాన్ దోషం కాదు. థర్మోస్టాట్ మరిగే నీటిలో తెరుచుకున్నది; అదీ నిర్దోషమే. నీరు నింపి ఇంజన్ వేగం పెంచగా, రేడియేటర్ క్రింది రబ్బరు గొట్టం పంపు పీల్పుకు అణగి మూసుకుపోయింది. దానిని లోపల నిలిపే తీగచుట్ట తుప్పుపట్టి విరిగినది. జలప్రవాహ నిరోధమే తాపకారణం.

పాతవైనా చక్కగా నడిచేవి ఉన్నవి, క్రొత్తవైనా చెడినవి ఉన్నవి. కనుక పాతదనమనే హేతువు సవ్యభిచారం. దానితో నిరుపయోగం సిద్ధించదు.

గొట్టం మార్చిన పిమ్మట కుమారుడు వెనుక తలుపు తెరిచాడు. "నాన్నగారూ, ముందుకు వచ్చి కూర్చోండి" అన్నాడు.